కొసరు గది

శ్రీకాకుళంలో ఒక లాడ్జి. పేరు చెప్పను. టెన్త్ పేపర్లు దిద్దడానికి ఏటా వేసవిలో జిల్లా కేంద్రానికి పోవాలి. మా మూలపేట నించి రోజూ వెళ్ళి రావడం అయ్యే పని కాదు. అందుకే ఏటా అక్కడే దిగేవాణ్ణి. మూడో ఏడు గుమస్తా నవ్వుతూ, "ఏటి సారూ, వచ్చేసినారా! పైన ఏసీ గది ఖాళీగుంది, అందులో దిగండి. రేటు పాతదే. మీరు మనోళ్ళు కదా" అన్నాడు.

నౌపడా ఉప్పు మడుల్లో కాళ్ళు పగిలిన మా అయ్య కొడుకు ఆ రాత్రి ఏసీలో పడుకున్నాడు. సంతోషమే. కాని నిద్ర పట్టలేదు. 'మనోళ్ళు' అంటే ఏటి? ఏటేటా వచ్చేవాడనా? లేక ఇంకేదో అనుకున్నాడా? నా ఇంటిపేరు మా వైపు రెండు మూడు కులాల్లో ఉంది. ఆధార్ కార్డు ఆయనకేమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అమెరికా, లండన్‌లలో చదివొచ్చిన అంబేద్కర్‌కి 1917లో బరోడాలో దిగే చోటు దొరకలేదు. పార్సీ పేరు రాయించి పార్సీ సత్రంలో ఉన్నాడు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన కులం దాచింది తలదాచుకోడానికి. నేను నోరు మూసుకుంది చల్లగాలికి. రెండూ ఒకటేనా?

నాలుగో ఏడు అయ్యని వెంట తీసుకెళ్ళాను. ఉద్దానాన్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు ఆయనకీ ఉంది, పెద్దాస్పత్రిలో చూపించాలి. గుమస్తా మర్యాదగానే పలకరించాడు. "మూలపేటంటే 2023లో పోర్టుకి శంకుస్థాపన చేసిన ఊరే కదా! ఏ వీధి తాతా మీది?"

అయ్యకి దాచడం తెలీదు. "మాలవీధి బాబూ" అన్నాడు.

గుమస్తా తిట్టలేదు, పొమ్మనలేదు. "పై గది బుక్కయిపోనాది సార్" అని కింద గది తాళం ఇచ్చాడు. పై గది తాళం బోర్డుకి వేలాడుతూనే ఉంది.

ఏమని కేసు పెట్టను? రాజ్యాంగం 15వ అధికరణ హోటలు గుమ్మం తెరిచింది. అంటరానితనం పేరుతో లోపలికి రానివ్వకపోతే 1955 చట్టం కింద నేరం. నేను డబ్బు కట్టిన గది నాకిచ్చాడు. ఇవ్వనిది కొసరు. అసలు చట్టం చేతిలో ఉంది, కొసరు ఇంకా కులం చేతిలోనే ఉంది.

వాడుకగా వచ్చేవాడికి వ్యాపారి కొసరు వెయ్యడం తప్పా అంటారు మిత్రులు. కాదు. పెద్ద హోటళ్ళలో ఎన్ని రాత్రులు ఉన్నావో కార్డులో లెక్కేసి, ఖాళీ ఉంటే మంచి గది ఇస్తారు. అక్కడ రాత్రులు లెక్క. ఇక్కడ నా నాలుగేళ్ళ రాత్రుల్ని ఒక్క వీధి పేరు కొట్టేసింది.

గుమస్తాని తిట్టుకుంటూ కూచున్నాను. ఇంతలో గదులు తుడిచే కుర్రాడు నీళ్ళు తెచ్చాడు. అయ్య వాణ్ణి మంచం మీద కూచోబెట్టి పేరూ ఊరూ అడిగాడు. రెల్లోళ్ళ పిల్లాడు. నాలుగేళ్ళు వాడి చేతి నీళ్ళు తాగాను, ఒక్కసారీ పేరు అడగలేదు. వాడు నన్ను సార్ అంటుంటే బాగుండేది. 'మనోళ్ళు' అన్న మాట గుమస్తా నోట విన్నప్పుడు పొంగిపోయిన నేను, ఆ మాట ఈ పిల్లాడితో ఎందుకు అనలేకపోయాను? గుమస్తా నాకు చేసింది నేను వీడికి చేసిందే కాదా?

ఈ ఏడు మళ్ళీ అక్కడికే వెళ్ళాను. "మాది మూలపేట మాలవీధి. ఏసీ గదికి ఎంతో చెప్పండి" అన్నాను. డబ్బు కట్టి రసీదు రాయించుకున్నాను. తర్వాత ఆ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచాను.