బద్ద మీద గంటు

కడప జిల్లా చాపాడుకు సముద్రం లేదు. పొలాలకు నీళ్లిచ్చే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ మాత్రం పంటలకే కాదు, పడవలకు కూడా అని తవ్విన కాలువ. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పడవలు పోయాయి, వరి మిగిలింది.

ఆ ఊరి రైతు ఒకాయన వయసులో ఉండగా కుందూ నది గట్టున డీజిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడినవాడు. ఒక రాత్రి ఇంకా రెండు మళ్లు తడవాల్సి ఉండగా డీజిల్ అయిపోయింది. పరుగున పోయి క్యాను తెచ్చి పోస్తే ఇంజను పలకలేదు. పైపుల్లోకి గాలి చేరింది. నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి ఆ గాలి తీసేసరికి తెల్లారింది. అప్పటినుంచి ఆయన చేతిలో ఒక వెదురు బద్ద ఉండేది, ట్యాంకులో ముంచి చూడడానికి.

ఆయన అక్క కొడుకు కాకినాడలో పడవ మోటార్లు బాగుచేస్తాడు. ఒక కార్తీకంలో మామ చూడబోయేసరికి, అల్లుడు ఒక పాత ఫైబర్ పడవను విశాఖలో దాని కొత్త యజమానికి అప్పగించే పని ఒప్పుకుని ఉన్నాడు. డీజిల్ కింద ఇంత అని ముందే ఇచ్చేశారు. మిగిలింది అల్లుడిదే. అదీ అసలు సంగతి.

"యెంత దూరంరా?"

"80 నాటికల్ మైళ్లు మామా. గంటకు 8 పోతాది, 10 లీటర్లు తాగుతాది. పది గంటలు, 100 లీటర్లు. ఇంకో పది ఎక్కువే పోస్తాండా."

"ట్యాంకు యెంత పడతాది?"

"200."

మామ నీళ్లకేసి చూశాడు. లంగరు తాడును బిగించి పడవ దక్షిణానికి లాగుతోంది. "నీళ్లు ఎటు పోతాండాయి? నువ్వు ఎటు పోవల్ల?"

అల్లుడు నవ్వాడు. తూర్పు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది, ఫిబ్రవరి నుంచి ఎదురు తిరుగుతుంది. ఈశాన్య గాలి సరేసరి. ఇవన్నీ అతనికి తెలిసినవే, లెక్కలో వేసుకోలేదంతే. మామ వాదించలేదు. బద్దను ట్యాంకులో ముంచి, తడి పట్టినంత మేర కొలిచి, సరిగ్గా సగం దగ్గర కత్తితో గంటు పెట్టాడు.

"ఈ గంటు బయట పడేసరికి సగం దారి దాటింటే పో. దాటకపోతే తిరుక్కో. ఆడ ఆలోచన చేయొద్దు, ఇప్పుడే ఒప్పుకో."

నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

ఎదురు నీళ్లలో పడవ గంటకు ఆరున్నర మైళ్లకు మించలేదు. ఇంజను మాత్రం గంటకు పది తాగడం మానలేదు. ఐదున్నర గంటలకు పెంటకోట ఎదురుగా బద్ద ముంచితే గంటు తేలింది. నడిచింది 35 మైళ్లు, ముందు 45. మిగిలిన 55 లీటర్లతో విశాఖ అందదు. మధ్యలో ఉన్నవి వలల పడవలు ఇసుకలోకి లాగే తీరాలేగానీ, పోయి డీజిల్ పోయించుకునే రేవులు కావు. తిట్టుకుంటూ చుక్కాని తిప్పాడు. ప్రవాహం ఇప్పుడు అతని వైపు. నాలుగు గంటలు పట్టకుండానే కాకినాడ చేరాడు. రేవులో అందరూ వేళాకోళం చేశారు. మామ మాత్రం తిన్నావా అని అడిగాడు.

మర్నాడు అల్లుడు లెక్క తిరగరాశాడు. ఆరున్నర చొప్పున పన్నెండు గంటల పైచిలుకు, 123 లీటర్లు. అందులో సగం కలిపి 185 పోశాడు. చేతికి రావాల్సిన డబ్బు సముద్రం పాలైంది, పడవ విశాఖ చేరింది.

నీతి: ఇంధనాన్ని మైళ్లతో కాదు, గంటలతో కొలవాలి. వెనక్కి తిరిగే చోటు గట్టున ఉండగానే గీసుకోవాలి.

ఈ కథ విన్నవాళ్లు చాలామంది "ఎక్కువ పోసుకోమన్నాడు" అనుకుంటారు. కాదు. మొదటి రోజే 110కి బదులు 130 పోసి, గంటు లేకుండా వెళ్లి ఉంటే లెక్కకు సరిపోయేది కూడా. కానీ పాత ట్యాంకు అడుగున మడ్డి ఉంటుంది, అలల ఊపుకు అది పైకి లేస్తుంది, ఫిల్టరు మూసుకుంటుంది. చివరి పది లీటర్లు ఎవరివీ కావు. విశాఖకు ముందున్న పూడిమడక దాటాక ఇంజను ఆగితే, కుందూ గట్టున కొట్టినట్టు అక్కడ ఊగే పడవలో పంపు కొట్టాలి. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, చేతిలో ఒక వంతు అని మోటారు పడవలవాళ్లు చెప్పుకునే లెక్క ఒకటి ఉంది. 123కి సగం కలిపినప్పుడు చేతిలో మిగిలేదీ ఆ మూడో వంతే. మామ ఆ లెక్కను ఏ రేవులోనూ వినలేదు.

ఫాల్గుణంలో అల్లుడు అదే దారిన ఇంకో పడవ తీసుకుపోయాడు. ఈసారి నీళ్లు వెనకనుంచి తోశాయి, 90 లీటర్లతో పని అయిపోయింది. బయల్దేరేటప్పుడు పోసింది మాత్రం 150. బద్దకు కొత్త గంటు పడింది, ఈసారి అల్లుడి కత్తితో.