చదవడం ఎవరు నేర్పాలి?

హోసూరులో పనిచేసేటప్పుడు పదో తరగతి పాసైన ఓ కుర్రాడు మేనమామ అప్పుకు జామీను పత్రం గడగడ చదివి సంతకం చేశాడు. బాకీ మొండిపడ్డాక, “ఉత్త సాక్షి సంతకమనుకున్నాను సార్” అన్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం.

అక్షరాలు భాషా పంతులుగారు నేర్పారు. కాని మాటల్లో ‘అసలు’ వేరు, వడ్డీ లెక్కలో ‘అసలు’ వేరు. తలమీది మూటతో చదునునేలపై ఒకే వేగంతో నడిస్తే, మూటపై చేసిన ‘పని’ సున్నా అంటుంది సైన్సు. అందుచేత ఏ పాఠం చదివే తీరును ఆ పాఠం చెప్పే పంతులే నేర్పాలి.

మరి తప్పంతా బడిదేనా? “నీకేమర్థమైంది, చెప్పు నాయనా” అని నేనూ అడగలేదు. చట్టం నన్ను తప్పుపట్టదు. కాని ఆ పూట అతనికి పంతులు కావలసినవాణ్ణి నేనే.