అడగకపోవడం మర్యాదేనా?

ఓపీ ముగిసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టరూ, ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్టాఫ్ నర్సూ మాట్లాడుకుంటున్నారు.

డాక్టరు: పొద్దున వచ్చిన పెద్దాయన బీపీ మాత్రలు మానేశాడు. ఎందుకని అడిగితే తల దించుకున్నాడు.

నర్సు: భార్యతో కలయికలో ఇబ్బందేమన్నా ఉందేమో అడిగారా సార్?

డాక్టరు: మా నాన్న వయసు సిస్టర్ ఆయనది! ఎవరూ తొంగిచూడని గది మనిషికి ఒకటైనా ఉండాలి కదా.

నర్సు: ఉండాలి. తలుపు తీయడం, తీయకపోవడం ఆయన ఇష్టం. తట్టడం మాత్రం మన పని. షుగరు, బీపీ ఉన్న మగవాళ్లలో అంగస్తంభన తగ్గడం మామూలే. కొన్ని బీపీ మందుల వల్లా రావచ్చు, అప్పుడు మందు మార్చి చూడొచ్చు. ఒక్కోసారి గుండెజబ్బుకు అదే ముందస్తు గుర్తు. మనం అడక్కపోతే, గోడమీద ‘గుప్తరోగాలు’ అని రాసుకున్నవాడు అడుగుతాడు. డబ్బూ గుంజుతాడు.

డాక్టరు: నొచ్చుకుంటే?

నర్సు: “బీపీ ఉన్న చాలామందికి ఈ ఇబ్బంది వస్తుంది. మీకూ ఉందా? చెప్పాలనిపిస్తేనే చెప్పండి” అనండి.

జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త 1976లో ప్రతిపాదించిన పద్ధతిలోనూ మొదటి మెట్టు ఇదే: మాట్లాడటానికి అనుమతి. ఆ తర్వాతే కొంత సమాచారం, ఆపైన సలహా, చివర్న నిపుణుల చికిత్స. చాలామందికి మొదటి మెట్ల దగ్గరే ఊరట దొరుకుతుందని ఆయన భావన. నాకు ఇందులో వైద్యం కన్నా ముందు గౌరవం కనిపిస్తుంది.

డాక్టరు: సరే. మరి సుఖవ్యాధి లక్షణాలతో వచ్చిన ఆ అమ్మాయి? భర్తకూ మందివ్వకపోతే ఆమెకు మళ్లీ అంటుకుంటుంది. చెబితే, అనుమానంతో ఆమెనే కొడతాడేమో. ఆమె రహస్యం గొప్పదా, ఆరోగ్యం గొప్పదా?

నర్సు: ఆ తూకం మనం వేయకూడదు సార్, ఆమెనే అడగాలి. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం కూడా, చెబితే ఆడమనిషిపై హింస జరగొచ్చని భయముంటే భాగస్వామికి చెప్పొద్దంటుంది.

డాక్టరు: ఆమె వద్దంటే?

నర్సు: ఆమెకు మందిస్తాం. కండోమ్ గురించి చెబుతాం. తిరగబెట్టొచ్చనీ దాచకుండా చెబుతాం.

డాక్టరు: తెలిసి తెలిసీ సగం వైద్యమేగా!

నర్సు: అవును సార్. మిగతా సగానికి ఆమె మళ్లీ మన దగ్గరికే రావాలి. ఇవాళ బలవంతపెడితే రాదు.