మందారం పక్కన స్ఫటికం

రెడ్డిగూడెంలో ఒక కుటుంబం ఇల్లు కడుతోందనుకుందాం. పంతులుగారు శంకుస్థాపనకు ముహూర్తం పెట్టారు. తాపీ మేస్త్రి కూలీల లెక్క చెప్పాడు. మామిడి కోతలు మొదలైతే మనుషులు దొరకరని హెచ్చరించాడు కూడా. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో పనులన్నీ వరసగా పేర్చాడు: పునాది, పిల్లర్లు, ద్వారబంధం ఎత్తడం, శ్లాబు, ప్లాస్టరింగు, గృహప్రవేశం.

అతనికి మొదటి చికాకు సిమెంటు దగ్గర రాదు, అక్షరాల దగ్గర వస్తుంది.

'పునాది' కింద తవ్వకం, కాంక్రీటు అనే రెండు పనులు చేర్చి ఒక మెట్టు లోపలికి జరపగానే, 'పునాది' అనే మాట దానంతటదే బోల్డ్ అయింది. పిల్లలున్న పని కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పెద్దపనిగా, అంటే సమ్మరీ పనిగా గుర్తించింది. మనసు మారి ఆ రెంటినీ బయటికి లాగితే బోల్డ్ కూడా పోయింది. ఇంతవరకు పేచీ లేదు. కానీ శ్లాబు ముఖ్యమైన పని కదా అని అతను స్వయంగా చార్టులో దాని గీతకు ఎరుపు పూశాడు, అక్షరాలు లావు చేశాడు. ఇక శ్లాబు ఎటు జరిగినా, పూర్తయినా, ఆ ఎరుపు వదలదు. పైగా క్రిటికల్ పనులు ఎర్రగా కనపడాలని ఫార్మాట్ ట్యాబులో టిక్ పెట్టాక చార్టులో రెండు ఎరుపులు తయారయ్యాయి. ఒకటి లెక్కలోంచి పుట్టింది. రెండోది చేత్తో పూసింది. చూసేవాడికి రెండూ ఒకటే.

ఇక్కడే ఒక పాత ప్రశ్న తలుపు తడుతుంది. కనపడే గుణం వస్తువుదేనా, ఎక్కడినుంచో వచ్చి దానిమీద వాలిందా?

సాంఖ్యులూ అద్వైతులూ ఇష్టపడి వాడుకున్న ఉపమానం ఒకటుంది. తెల్లని స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు పోవాలంటే స్ఫటికాన్ని తోమనక్కర్లేదు, పువ్వు తీస్తే చాలు. ఒకదాని ధర్మాన్ని ఇంకొకదానిమీద పెట్టి చూడటాన్ని శంకరులు అధ్యాస అన్నారు. బ్రహ్మసూత్ర భాష్యాన్ని దానితోనే మొదలుపెట్టారు.

క్రిటికల్ పాత్ ఎరుపు అచ్చంగా మందారపు ఎరుపే. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల నిపుణులు తయారుచేసిన పద్ధతి ఈ క్రిటికల్ పాత్. ఏ పని ఒక్కరోజు ఆగితే ఇల్లంతా ఒక్కరోజు ఆగుతుందో ఆ పని క్రిటికల్. శ్లాబుకు చాలినన్ని రోజులు నీళ్ళు పట్టందే సెంట్రింగు విప్పకూడదు, విప్పందే లోపలి ప్లాస్టరింగు మొదలవదు. అందుకే అది ఎరుపు. ప్రహరీగోడకు నాలుగు రోజులు ఆలస్యమైనా గృహప్రవేశం ఆగదు. రేపు కిటికీల చెక్క రావడం నెల ఆలస్యమైతే ఎరుపు శ్లాబును వదిలి వడ్రంగి పనికి వెళ్ళిపోవచ్చు. శ్లాబులో మార్పేమీ లేదు, మారింది పక్కవాటి సంగతి.

చేత్తో పూసిన రంగుకు ఈ చలనం లేదు. అందుకని దాన్ని దాని చోటే కడగాలి. గీత మీది రంగుకు ఫార్మాట్ బార్‌లో రీసెట్, అక్షరాలకు క్లియర్ ఫార్మాటింగ్. ఆ తర్వాత, రూపం మార్చాలనుంటే టెక్స్ట్ స్టైల్స్‌లోకి వెళ్ళి 'సమ్మరీ పనులన్నీ ఇలా, క్రిటికల్ పనులన్నీ అలా' అని జాతి మొత్తానికి ఒక నియమం పెట్టడం మేలు. వ్యక్తికి రంగు పూయడం వేరు, జాతికి లక్షణం చెప్పడం వేరు. నైయాయికులకు ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు.

పంచాంగం ఈ తెలివిని ఎప్పుడో వంటబట్టించుకుంది. చాంద్రమానపు ఏడాది సుమారు 354 రోజులు, సౌరమానానిది 365. ఆ తేడా పేరుకున్నప్పుడు సూర్యసంక్రాంతి లేని మాసం ఒకటి వస్తుంది, అదే అధికమాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. సిద్ధాంతిగారు ముచ్చటపడి ఏ నెలకూ 'అధిక' అని తగిలించలేదు, లెక్క తగిలించింది.

గృహప్రవేశ ముహూర్తం సంగతి తిరగేసిన కథ. గృహప్రవేశం ఎదురుగా అబ్బాయి ప్రారంభ తేదీ టైపు చేశాడు. రాసుకున్నానని అతని ఉద్దేశం. సాఫ్ట్‌వేర్ మాత్రం, ఆటోమేటిక్‌గా షెడ్యూల్ అయ్యే పనైతే, 'దీనికంటే ముందు మొదలుకారాదు' అనే కట్టుబాటుగా దాన్ని పట్టుకుంటుంది. పూసిన ఎరుపు అర్థంలా కనపడే అలంకారం. టైపు చేసిన తేదీ అలంకారంలా కనపడే బంధం. ఇల్లు తొందరగా పూర్తయినా గృహప్రవేశం ముందుకు కదలదేమని తల పట్టుకునేవాళ్ళంతా ఈ రెండోదాని బాధితులే.

పని పక్కన తేదీ వేయడం కొత్త సంగతేమీ కాదు. రెడ్డిగూడెం నుంచి పడమరగా నందిగామ దాటి వెళితే జగ్గయ్యపేట. అక్కడి బౌద్ధస్తూపం శాసనం మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట, వానాకాలం 8వ పక్షం, 10వ రోజున వేసింది. సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు సమర్పించాడు. పని, మనిషి, చోటు, తేదీ అన్నీ ఉన్నాయి. ఆంధ్ర స్తూపాల్లో ఆ అయిదూ బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్రప్రవర్తనం, పరినిర్వాణాలకు గుర్తులని పండితుల మాట. షెడ్యూలు భాషలో చెబితే అయిదు మైల్‌స్టోన్లు. సాఫ్ట్‌వేర్‌లోనూ కాలవ్యవధి సున్నా పెట్టిన పని వజ్రం ఆకారంలో మైల్‌స్టోన్ అయి కూర్చుంటుంది.

ఆ స్తూపం కట్టినవాళ్ళు స్ఫటికం ఉపమానాన్ని ఒప్పుకోరు. పువ్వు తీశాక మిగిలే స్ఫటికమేదీ అని అడుగుతారు. మిలిందపన్హలో నాగసేనుడు రథం గురించి అడిగింది దాదాపు అదే. చక్రమా రథం, ఇరుసా, నొగలా?

రంగులన్నీ కడిగేశాక 'శ్లాబు'కు ఏం మిగులుతుంది? వరస సంఖ్య కాదు, పైకీ కిందికీ జరిపితే అది మారిపోతుంది. యునీక్ ఐడీ అని ఇంకో సంఖ్య ఉంది, పని పుట్టినప్పుడు వస్తుంది, పైకి కనపడదు, ఎంత జరిపినా మారదు. అద్వైతి ముఖం వికసించే చోటిది. అయితే ఆ వరసను కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే, పేరూ వ్యవధీ అవే ఉన్నా, కొత్త సంఖ్య వస్తుంది. పక్క పనులతో ఉన్న లింకులు కూడా తెగిపోవచ్చు. అప్పుడు అది పాత శ్లాబేనా అని బౌద్ధుడు అడుగుతాడు. లింకులు మళ్ళీ కలిపే పని మాత్రం హైదరాబాదు అబ్బాయిదే.