కాదనే పని

దానంగా వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. ఈ మాట అన్నవాడు ఏనాడూ ఆవుని మేపి ఉండడని నా అనుమానం. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదైనా, ఎంత తక్కువ మేతతో బతికేదైనా, తెల్లారి లేచి పేడ ఎత్తడం తప్పదు కదా. ఇచ్చినవాళ్ళ పుణ్యం ఆ రోజుతోనే వాళ్ళ ఖాతాలో పడిపోతుంది. పుచ్చుకున్న ఇంట్లో చాకిరీ మర్నాటి నుంచి మొదలవుతుంది. అది ఎవరి చేతుల మీదుగా సాగుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పళ్ళు చూడాల్సిందే. అయితే చూసే అధికారం ఎవరిది? డబ్బు ఆశించకుండా, తీరిక చేసుకుని ఒకరు చేసిచ్చిన పనిని వద్దనడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అహంకారం?

ఈ ప్రశ్న నాకు సాహిత్యం చదువుతూ రాలేదు. కొన్నేళ్ళుగా ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అనువాదాలు సరిచూసే ముగ్గురిలో నేనొకదాన్ని. జీతం లేని పని. తెలుగులో ఇలాంటి పనికి ఇరవయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, 2005లో హైదరాబాదులో పుట్టిన స్వేచ్ఛ సంస్థ, 2006లో వచ్చిన లేఖిని, ఇవన్నీ రాత్రిళ్ళు మేలుకున్న మనుషుల మీద నిలబడ్డవే.

పని జరిగే తీరు క్లుప్తంగా చెప్తాను. మూలప్రతి అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా దాన్ని దించుకుని, ఏ వరుస తీసేశారో, ఏ వరుస చేర్చారో ఆ మార్పుని మాత్రం పంపుతారు. దాన్ని ప్యాచ్ అంటారు. మూలప్రతిలో కలిపే అనుమతి ఉన్న కొద్దిమంది దాన్ని చదివి కలుపుతారు, లేదా వెనక్కి పంపుతారు. కోడ్ అయినా అనువాదమైనా దారి ఇదే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ ప్రతి మార్పుకీ రాసినవాళ్ళ పేరు వేరుగా, కలిపినవాళ్ళ పేరు వేరుగా నమోదు చేస్తుంది. సాహిత్యచరిత్ర చదువుకున్న నాకు ఇది చూస్తే అసూయ కలుగుతుంది. మన రచయిత్రుల కథల్ని ఎవరు దిద్దారో, ఏ పేరా ఎవరి సలహా మీద పోయిందో చెప్పగల దస్తావేజు మనకి లేదు. అయినా గిట్ చరిత్రలోనూ ఒక పెద్ద ఖాళీ ఉంది. కలిపినవే అందులో ఉంటాయి. ఒకరు రెండు గంటలు కూర్చుని చదివి, మర్యాదగా కారణం రాసి వెనక్కి పంపినదానికి ఆ చరిత్రలో ఒక్క వరుస కూడా ఉండదు. పంపినామె శ్రమా ఉండదు, చదివినామె శ్రమా ఉండదు.

మదనపల్లెకి ఈ సంగతి కొత్త కాకూడదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమన పాడి, దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాట బాణీకి స్వరాలు కాగితం మీద పెట్టినావిడ మార్గరెట్ కజిన్స్. ఆమె 1917లోనే మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపించినవాళ్ళలో ఒకరు, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. పాట కవిది. దాన్ని తర్వాతి వాళ్ళు అలాగే పాడుకోగలిగేలా చేసి పెట్టిన పని ఆమెది. అయినా ఆమె పేరు తరచూ ప్రిన్సిపాల్ గారి భార్యగానే వినిపిస్తుంది.

ఇక అసలు విషయం. పుంగనూరు నుంచి మదనపల్లెకి రోజూ బస్సులో వెళ్ళి పాఠాలు చెప్పే ఒకామె రెండేళ్ళ క్రితం మాకు కొన్ని మార్పులు పంపడం మొదలుపెట్టింది. మొదటిది, సేవ్ అనే మీటకి మేం పెట్టిన ‘భద్రపరచు’ తీసేసి ‘దాచు’ పెట్టమని. డబ్బులు దాచుకుంటాం, విత్తనాలు దాచుకుంటాం, దీన్ని మాత్రం భద్రపరచడం దేనికి, అని రాసింది. నిజమే. కానీ తెరమీద కనబడకుండా చేసే మీటకి అప్పటికే ‘దాచు’ ఉంది. ఒకే మెనూలో రెండు దాచులుంటే వాడేవాళ్ళు ఏది నొక్కాలి? అదే రాసి వెనక్కి పంపాను. ఆమె ఒప్పుకుంది. ఆ కారణాన్ని ఆమె తన కంప్యూటర్లో తానే సరిచూసుకోగలదు గనక ఒప్పుకోగలిగింది.

నెల తిరక్కుండా ‘ఎత్తిపెట్టు’ పంపింది. చిత్తూరు వైపు ఇళ్ళల్లో ఈ మాట పొద్దస్తమానం వినబడుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళకి అన్నం ఎత్తిపెడతారు, పండక్కి కొత్త చీర ఎత్తిపెడతారు. తర్వాత తీసుకోవడానికి ఒక చోట జాగ్రత్తగా ఉంచడం. సేవ్ చేయడమంటే అచ్చంగా అదే. పైగా మరే మీటతోనూ తగాదా లేదు. మా ముగ్గురిలో ఒకాయన ఒక్క మాటతో తిప్పి పంపాడు: మాండలికం.

నా ఆలోచన ఇక్కడే ఆగిపోయింది. రెండూ కాదనడాలే. మొదటిదానిలో పని గురించి కారణం ఉంది, రెండోదానిలో ఆమె ఊరి గురించి తీర్పు ఉంది. ఫైలుకి మేం వాడే ‘దస్త్రం’ పారశీకం నుంచి కచేరీల మీదుగా వచ్చింది. దాన్ని మాండలికమని ఎవరూ అనలేదు. ఏలినవాళ్ళ నోట వచ్చినది పరిభాష, వంటింట్లో పలికినది యాస.

అయితే ఆయన వాదన అంత తేలికగా కొట్టెయ్యదగ్గది కాదు. భద్రపరచు ఎవరి ఇంట్లోనూ లేని మాట, అందుకే అందరికీ సమానం, శ్రీకాకుళం అమ్మాయికీ పుంగనూరు అమ్మాయికీ ఒకే దూరంలో ఉంటుంది, అంటాడు. ఒకే దూరమా? పుస్తకాల తెలుగులో పుట్టి పెరిగిన ఇళ్ళకి అది పక్కవీధి. అరవం, కన్నడం, తెలుగు మూడూ కలిసి పలికే కుప్పం లాంటి చోట, బడి మధ్యలో మానేసినామెకి అది వేరే ఊరు. ఆ కుప్పంలోనే 2002లో హెచ్‌పి కంపెనీ ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం మొదలుపెట్టి, పొదుపు సంఘాల స్త్రీలు కొందరి చేతికి డిజిటల్ కెమెరాలు ఇచ్చింది. కొన్నేళ్ళకి అది ముగిసింది. అక్కడ ఇచ్చేవాళ్ళెవరో పుచ్చుకునేవాళ్ళెవరో గీత గీసినట్టు ఉండేది. ఆ గీతని చెరిపేస్తామనే కదా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చెప్పుకునేది! వాడుకునే మనిషే మార్చగలదని.

మార్చగలదు, కానీ కలపలేదు. కలిపే అనుమతి ఎలా వస్తుంది? ఎన్నికలు లేవు. ఎక్కువ కాలం, ఎక్కువ పనిచేసినవాళ్ళకి వస్తుంది. వినడానికి ఇంతకంటే న్యాయం ఉండదు. జో ఫ్రీమన్ 1970లో అమెరికా స్త్రీవిముక్తి బృందాల గురించి ఒక ప్రసంగం చేసింది. నాయకులు లేరని చెప్పుకునే చోట నాయకత్వం మాయం కాదు, కంటికి కనబడకుండా స్నేహితుల గుంపులోకి వెళ్ళిపోతుంది, జవాబుదారీ అడగడానికి మనిషి దొరకదు, అన్నది ఆమె వాదన. మన సంఘాల్లో పనిచేసిన వాళ్ళెవరికైనా ఇది అనుభవమే. కోడ్ రాసేవాళ్ళ ప్రపంచానికి అది కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది. ఇక్కడ ఆ గుంపుని తయారుచేసేది స్నేహం కంటే తీరిక. రాత్రి పదకొండు తర్వాత రెండు గంటలు ఎవరికి దొరుకుతాయి? ఆరింటికి బస్సు దిగి, పొయ్యి వెలిగించి, పిల్లల హోంవర్కు చూసి, పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళకి కాదు. పని చూసి ఇచ్చామంటున్న అధికారం చాలావరకు ఇంకొకరు వండిపెట్టిన అన్నం మీద వచ్చినదే.

2017లో అచ్చయిన ఒక అధ్యయనం గిట్‌హబ్‌లో వచ్చిన మార్పులని లెక్కించింది. మొత్తం మీద స్త్రీలు పంపినవే పురుషులవాటికంటే కాస్త ఎక్కువ శాతం ఆమోదం పొందాయి. కానీ ప్రాజెక్టుకి కొత్తవాళ్ళయి, వివరాలు చూడగానే స్త్రీ అని తెలిసిపోయేవాళ్ళ విషయంలో ఆమోదం పడిపోయింది. మా పుంగనూరు స్నేహితురాలి దగ్గర పేరు కంటే ముందు మాట ఆమెని పట్టించింది.

మరి అందరివీ కలిపేద్దామా అంటే, నేనలా అనను. కలిపేది వాక్యమే, కానీ తర్వాత దాన్ని పెంచాలి. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ మాటని వెతికి సరిచెయ్యాలి. పంపినవాళ్ళు అప్పటికి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. ప్రపంచమంతా వాడే ఆ చిన్న సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ళ తరబడి చూసుకుంటూ వచ్చింది ఒకే మనిషి. ఒకరు రెండేళ్ళకు పైగా ఓపికగా మంచి మార్పులు పంపారు. ఇంకొందరు నువ్వు నెమ్మదిగా ఉన్నావంటూ ఆ అలసిన మనిషిని పొడిచారు. ఆయన అనుమతి పంచుకున్నాడు. ఆ పంచుకున్న చేతితోనే దొంగతలుపు లోపలికి వచ్చింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరుకి అనుమానం రాబట్టి దొరికింది. కాదనలేని అలసట అంత ప్రమాదం. ఇంటెడు చాకిరీ ఒక్కదాని మీద వేసి, ముఖం ముడుచుకుందేమిటని అడిగే అత్తింటివాళ్ళు నాకు ఆ ఉత్తరాల్లో కనబడ్డారు.

అందుకని నేను మా వాళ్ళని అడిగింది చిన్నది. కాదన్నవాళ్ళు ఆ మాట కిందే తమ పేరుతో కారణం రాయాలి. ఆ కారణం పంపినవాళ్ళు సరిచూసుకోగలిగేదై ఉండాలి. ‘మాండలికం’ కారణం కింద చెల్లదు. మూడో ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. మొదటాయన, ఇలా అయితే మనం వివరణలు రాస్తూనే ముసలివాళ్ళమవుతామన్నాడు. అవుతాం కూడా.

ఎత్తిపెట్టు ఇంకా కలవలేదు. భద్రపరచు వందకు పైగా చోట్ల ఉంది, ఒక్కచోట మారిస్తే కుదరదని రాశాను. ఈ వేసవి సెలవుల్లో ఆమె, ఆమెతో పనిచేసే మరో ఇద్దరు కూర్చుని అన్నిచోట్లా మార్చి పంపారు. ‘ఎత్తిపెట్టబడింది’ అని రాసినచోట కొట్టేసి, ‘ఎత్తిపెట్టాం’ అని తనే దిద్దుకుని, పక్కన ఇలా రాసింది: “మేడమ్, ఇంట్లో ఎవరూ బడింది అనరు.” అయితే ‘ఎత్తిపెట్టాం’ అంటే ఎవరు ఎత్తిపెట్టినట్టు? కంప్యూటరా, మనమా? దానికి ఇంకా జవాబు రాయలేదు. సగం వరుసలు చదివాను, సగం మిగిలాయి.