ఫిరంగివాని చెవి

బళ్ళారి కంటోన్మెంటు వారికి సైన్యము పరాయిది కాదు. ఆ పేటకు పేరే దండు వలన వచ్చినది. యుద్ధమున కాలు పోయినవానిని వీరుడందుము. ఫిరంగి మ్రోతకు చెవి పోయినవాని యెదుట మాత్రము, చెవిటివాని ముందు శంఖమూదినట్లని సామెత చెప్పి నవ్వుదుము. ఇది న్యాయమా?

1999లో కార్గిల్ కొండలలో 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగులు మ్రోగినవి. 140 డెసిబెల్లు దాటిన ప్రేలుడు ఒక్కటియైనను లోచెవిలోని సూక్ష్మకేశకణములను దెబ్బతీయగలదు. చచ్చిన కణములు మరల పుట్టవు. పింఛను వచ్చును గాని మనుమరాలి మాట వినరాదు.

చెవిలో బిరడా పెట్టుకొమ్మనుట సులభమే. (దూది యేపాటి అడ్డు?) కాని ఆజ్ఞ వినబడని ఫిరంగివాడు తోడివారికిని ప్రమాదమే, కావున బిరడా తీసివేయును. దానిని అజాగ్రత్త యనుట మాకు సమ్మతము కాదు. మాటను విననిచ్చి మ్రోతను అడ్డు సాధనములు నేడు కలవు. గుండునకు వెచ్చించు ప్రభుత్వము వానికిని వెచ్చించుట దయ కాదు, బాకీ యని మేమందుము.