నోల్డె సముద్రం

ఎమిల్ నోల్డె గీసిన సముద్రాల్ని మొదటిసారి చూసినప్పుడు నాకు అతని గురించి ఏమీ తెలీదు. ఉడుకుతున్నట్టుండే ఆ రంగులు చాలు అనిపించింది.

కథ తర్వాత తెలిసింది. 1937లో మ్యూనిక్‌లో నాజీలు పెట్టిన 'దిగజారిన కళ' ప్రదర్శనలో అతని బొమ్మల్ని గోడకెక్కించి ఎగతాళి చేశారు. మ్యూజియంల నుంచి అతనివి వెయ్యికి పైగా తీసేశారు. ఇంకే చిత్రకారుడివీ అన్ని పోలేదు. 1941లో వృత్తినుంచే నిషేధించారు. యుద్ధం తర్వాత జర్మనీ అతన్ని బాధితుడిగా గౌరవించింది.

మిగతా సగం ఏమిటంటే, నోల్డె 1934 నుంచీ నాజీ పార్టీ సభ్యుడు. యూదులంటే ద్వేషం. వెలేశాక కూడా తన విధేయతని గుర్తుచేస్తూ గోబెల్స్‌కి ఉత్తరం రాశాడు. 2019లో బెర్లిన్‌లో ఒక ప్రదర్శన ఇదంతా పత్రాలతో సహా జనం ముందు పెట్టింది. ఆ ఏడాదే ఛాన్సలర్ మెర్కెల్ ఆఫీసు గోడల మీంచి రెండు నోల్డె బొమ్మలు దిగిపోయాయి.

దెబ్బలు తిన్నవాడు మంచివాడే అయ్యుంటాడని మనం తొందరపడి నమ్మేస్తాం. దెబ్బ కొట్టినవాడి గురించి చెబుతుంది గానీ, తిన్నవాడి గుణం గురించి ఏమీ చెప్పదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటి. లోపలున్నది దాచకుండా కాన్వాసు మీదకి తెస్తామన్నది ఎక్స్‌ప్రెషనిస్టుల మాట. మరి ఆ సముద్రంలో ద్వేషం ఎక్కడుంది? వెతికాను, కనబడలేదు. మనిషి లోపల ఒకదానితో ఒకటి మాట్లాడుకోని గదులుంటాయేమో. బొమ్మ వాటిలో ఒక్కదాని తలుపే తెరుస్తుంది. దాన్ని గీసినవాడి తరఫు సాక్ష్యంగా తీసుకోవడం మన పొరపాటు.

బొమ్మ దించాలా అంటే, నేనైతే దించను. పక్కనే ఆ ఉత్తరం కూడా పెట్టమంటాను.